పొడుపు గోడ మీద, విడుపు దుకాణంలో

"పొట్టలో వేలు, నెత్తి మీద రాయి" అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగినప్పుడు చిన్నపిల్లలమైన మాకు ముందుగా ఉంగరం తోచేది కాదు. కడుపులో ఎవరిదో వేలు దిగబడి, తల మీద బండరాయి మోస్తూ నిలబడిన ఒక వింత ప్రాణి కళ్ల ముందు కదిలేది. విడుపు వినగానే ఆ ప్రాణి మాయమై అమ్మమ్మ వేలికి ఉన్న రాతి ఉంగరం మిగిలేది. విజయనగరం మూడు లాంతర్ల కూడలి నుంచి గంటస్తంభం వైపు నడుస్తూ అక్కడి ఫ్లెక్సీలను, హోర్డింగులను చూసినప్పుడల్లా నాకు ఆ ప్రాణి గుర్తుకు వస్తుంది. పన్ను ఆకారంలో లేచిన కోట, మబ్బుల్లోంచి మొలిచిన ర్యాంకర్ల తలలు, టీ కప్పులో ఈదుతున్న ఏనుగు వంటి బొమ్మలన్నిటినీ కలిపి "సర్రియలిజం", అంటే అధివాస్తవికత, అనడం డిజైనింగ్ నేర్చుకుంటున్న యువకులకు అలవాటైపోయింది. ఆ పేరు వీటిలో దేనికి తగును, దేనికి తగదు, అసలు ఆ కళ వ్యాపార ప్రకటనల్లోకి ఏ దారిన వచ్చింది, వచ్చాక దానికి ఏమైంది అన్న ప్రశ్నలు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్నాయి.

ఆ చిక్కును విప్పడానికి నాకు పొడుపు కథే పనికివచ్చింది. అధివాస్తవిక చిత్రకారుడు విడుపు లేని పొడుపు కథను వేస్తాడు. దానికి విడుపు చెప్పబోతే ఆయన ఒప్పుకోడు. ప్రకటన రూపొందించేవాడు కూడా అలాంటి పొడుపే వేస్తాడు గాని, దాని విడుపు ఒక సబ్బు పేరో, విమాన సంస్థ పేరో అయి తీరాలి. వందేళ్లుగా ఈ రెండింటి మధ్య నడుస్తున్న ఇచ్చిపుచ్చుకోవడమే, కొన్నిచోట్ల గుంజులాటే, ఈ విషయానికి ప్రాణం.

"సర్రియలిస్టు" అనే మాటను 1917లో ఫ్రెంచి కవి గియోమ్ అపోలినేర్ పుట్టించగా, 1924లో పారిస్‌లో ఆంద్రే బ్రెటన్ వెలువరించిన ప్రణాళిక దాన్ని ఒక ఉద్యమానికి పేరుగా నిలబెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వైద్య విద్యార్థిగా మానసిక రోగుల మధ్య పనిచేసిన బ్రెటన్, సిగ్మండ్ ఫ్రాయిడ్ రాతల ప్రభావంతో, తర్కం కాపలా కాయని సమయంలో మనసు తనంతట తాను పలికే మాటల్లోనే అసలు నిజం ఉంటుందని నమ్మాడు. తెలుగులో ఈ ధోరణి బొమ్మలకన్నా ముందు కవిత్వంలోకి వచ్చింది. శ్రీశ్రీ, విజయనగరంతో అనుబంధం ఉన్న శ్రీరంగం నారాయణబాబు వంటి కవులు దీనితో ప్రయోగాలు చేశారు. "అధివాస్తవికత" అనే మాట మన సాహిత్య చర్చల్లో స్థిరపడింది.

వింతగా ఉన్న ప్రతి బొమ్మా అధివాస్తవికం కాదు. ఈ ఉద్యమకారులు ఆదర్శంగా తీసుకున్న వాక్యం 1869 నాటిది: శవపరీక్ష బల్ల మీద కుట్టుమిషను, గొడుగు అనుకోకుండా కలుసుకున్నంత అందంగా ఉందని లోత్రెయామోఁ అనే కవి ఒక వర్ణన చేశాడు. అందులో రాక్షసులు లేరు, రెక్కల గుర్రాలు లేవు. కుట్టుమిషను, గొడుగు, బల్ల అనే మూడూ మనం రోజూ చూసేవే. వింత అంతా వాటి కలయికలోనే ఉంది. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ ఈ సూత్రాన్ని అందరికన్నా నిక్కచ్చిగా పాటించాడు. ఒక బొమ్మలో మామూలు ఆపిల్ పండు గది నిండా పెరిగి గోడలకు ఆనుకుంటుంది. ఇంకో దానిలో దువ్వెన మంచం కన్నా పెద్దదిగా నిలబడి ఉంటుంది. 1929 నాటి చిత్రంలో పొగాకు పైపును అచ్చుగుద్దినట్టు వేసి, దాని కింద "ఇది పైపు కాదు" అని బడిపిల్లల రాతలో రాశాడు. పరిమాణం మార్చడం, వస్తువును దాని చోటు నుంచి పెరికి వేరే చోట నాటడం, మాటకూ బొమ్మకూ ఉన్న ముడిని తెంచడం ఆయన పనిముట్లు. ఇవన్నీ సైన్‌బోర్డులు రాసేవాడు వేసేంత శుభ్రంగా, కుంచె జాడ కనబడకుండా వేశాడు.

ఆ శుభ్రతకు ఒక కారణం ఉంది. మాగ్రిట్ బతుకుతెరువు కోసం గోడలకు అంటించే కాగితాల కర్మాగారంలో డిజైనరుగా పనిచేసినవాడు, 1920లలో ఒక బొచ్చుకోట్ల వ్యాపారికి కేటలాగులు, కార్ల కంపెనీకి ప్రకటనలు వేసినవాడు, 1930లలో తమ్ముడు పాల్‌తో కలిసి బ్రస్సెల్స్‌లో ప్రకటనల స్టూడియో నడిపినవాడు. అంటే ఈ కళ పుట్టాక ప్రకటనలవాళ్లు వచ్చి దాన్ని దోచుకున్నారనే మాట సగమే నిజం; ఆ చూపులో ఒక పాలు ప్రకటనల బల్ల దగ్గరే తయారైంది. అయినా ఆ పనులను ఆయన చిన్నచూపే చూశాడు. కాలం గడిచాక లెక్క తిరగబడి, సబేనా విమాన సంస్థ ఆయన చేత ఆకాశం నిండిన పక్షిని వేయించుకుని దాన్ని తన గుర్తుగా వాడుకుంది. పక్షి ఒంట్లో మబ్బులు ఎందుకున్నాయని మాగ్రిట్ ప్రదర్శనలో అడిగితే జవాబు దొరకదు. విమాన సంస్థ గుర్తుగా అదే పక్షిని చూస్తే అడగవలసిన అవసరమే రాదు.

మాగ్రిట్ 1953లో వేసిన మరో చిత్రాన్ని తెలుగువాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. గుండ్రటి టోపీలు, నల్ల కోట్లు తొడుక్కున్న మగవాళ్లు వాన చినుకుల్లా ఇళ్ల మధ్య గాలిలో నిలిచి ఉన్న ఆ చిత్రం పేరు "గోల్కొండ". మన వజ్రాల గోల్కొండే అది. ఐరోపా భాషల్లో ఆ పేరు అంతులేని సంపదకు మారుమాటగా స్థిరపడింది. ఆ పేరును సూచించినది ఆయన స్నేహితుడు, కవి లూయి స్కూతెనేర్. వానగా కురిసే గుమాస్తాలకూ గోల్కొండకూ ఏమిటి సంబంధం అంటే, ఏ సంబంధమూ చెప్పకపోవడమే ఆ పేరు చేసే పని. నకలు చేసిన ప్రకటనలు మాత్రం ఈ ఖాళీని ఒక్క క్షణం కూడా భరించలేవు. ఆ మనుషులను గొడుగులుగానో, బీమా ఏజెంట్లుగానో మార్చి, వెంటనే కింద కంపెనీ పేరు రాస్తాయి.

అయితే విడుపు ఉన్నంత మాత్రాన పొడుపు చవకబారుదైపోదు. అమెరికా కళాకారుడు మాన్ రే 1938లో లండన్ భూగర్భ రైలు సంస్థకు చేసిన పోస్టర్లు నాకు ఈ మొత్తం చరిత్రలో అత్యంత ఇష్టమైనవి. నల్లటి అంతరిక్షంలో శనిగ్రహం దాని వలయంతో తేలుతుంటుంది, జంటగా రైలు సంస్థ చిహ్నం, అంటే అడ్డపట్టీ ఉన్న వలయం, మరో గ్రహంలా తేలుతుంటుంది. లండన్‌ను నడిపించేది ఇదే అన్న చిన్న వాక్యం తప్ప వేరే వివరణ లేదు. చిహ్నానికీ గ్రహానికీ ఆకారం నిజంగా ఒకటే కావడం వల్ల, గ్రహాల కదలికలోని తప్పనిసరి క్రమం రైళ్లకు అంటుకుంటుంది. మన ఉంగరం పొడుపులో రాయి, వేలు రెండూ నిజంగా ఉన్నట్టే, ఇక్కడ కూడా పోలిక వస్తువులోనే ఉంది. ప్రకటనలోని అధివాస్తవికతను తూచడానికి నేను వాడే తూకం ఇదే: విడుపు తెలిశాక బొమ్మ ఇంకా బిగుసుకోవాలి, ఊడిపోకూడదు.

స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ కథ దీనికి దాదాపు ఎదురుదిక్కు. 1931లో ఆయన వేసిన కరిగిపోయే గడియారాల చిత్రం 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న కాన్వాసు. మన గోడ క్యాలెండరు కన్నా చిన్నది. అంత చిన్న చిత్రం ప్రపంచంలోని ప్రతి ప్రకటనల సంస్థకూ పాఠ్యపుస్తకమైంది. 1939లో న్యూయార్క్ ఐదవ అవెన్యూలోని బాన్విట్ టెల్లర్ దుకాణం ఆయన చేత అద్దాల ప్రదర్శన అరను అలంకరింపజేసింది. చూసిన కొనుగోలుదారులు అభ్యంతరం చెప్పడంతో దుకాణంవాళ్లు బొమ్మలను మార్చేశారు. తన అమరికను తనకు చెప్పకుండా మార్చారన్న కోపంతో డాలీ లోపలికి వెళ్లి బొచ్చుతో కప్పిన స్నానపు తొట్టిని లాగగా, అది పెద్ద అద్దాన్ని పగలగొట్టుకుని వీధిలో పడింది. ఆయన్ను పోలీసులు పట్టుకెళ్లారు. దుకాణానికి కావలసినది జనం ఆగి చూసేంత వింత, డాలీ ఇచ్చినది జనం ఇబ్బందిపడేంత వింత. ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో పగిలిన అద్దం చూపించింది.

తరువాత డాలీ ఆ గీత దాటలేదు. ఆయన పేరులోని అక్షరాలను అటూఇటూ మార్చి "అవిదా డాలర్స్", అంటే డాలర్ల కోసం ఆబగా ఎగబడేవాడు అని బ్రెటన్ ఈసడించాడు. మేజోళ్లకు, చాక్లెట్లకు, కడుపుమంట మాత్రలకు ఆయన ప్రకటనలు చేశాడు. 1969లో చుపా చుప్స్ మిఠాయికి చిహ్నం గీసి, అది పక్కన ముడతల్లో పడకుండా కాగితం నడినెత్తిన పూర్తిగా కనబడేలా ఉండాలని సూచించాడు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోని కిరాణా కొట్టులో పిల్లలు కొనుక్కునే పుల్ల మిఠాయి మీద ఆ చేయి పడిందన్నది ఆశ్చర్యమే గాని, ఆ పువ్వు ఆకారపు చిహ్నంలో అధివాస్తవికత లేదు. చిత్రకారుడి పేరు వేరు, ఆయన పద్ధతి వేరు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఎయిర్ ఇండియాకు 1967లో ఆయన చేసిన పింగాణీ బూడిదపళ్లెంలో మాత్రం పద్ధతి ఉంది: హంస తలను తలకిందులుగా చూస్తే ఏనుగు తల అవుతుంది. దానికి ప్రతిఫలంగా ఆయన ఒక ఏనుగు పిల్లను కోరగా, సంస్థ బెంగళూరు నుంచి నిజంగానే ఒక పిల్ల ఏనుగును స్పెయిన్‌కు పంపించింది.

అమ్మవలసిన అవసరమే లేకపోతే పోస్టరు ఎలా ఉంటుంది? రెండో ప్రపంచ యుద్ధం తరువాతి పోలండ్ దీనికి జవాబు. అక్కడ సినిమా పంపిణీ ప్రభుత్వం చేతిలో ఉండేది. పోస్టరు వేయించేదీ ప్రభుత్వ సంస్థలే. తారల ముఖాలు పెద్దగా వేసి టికెట్లు తెంచాలన్న ఒత్తిడి లేకపోవడంతో యాన్ లెనిత్సా, ఫ్రాన్చిషెక్ స్తారోవీస్కీ వంటి చిత్రకారులు తమకు తోచినట్టు గీశారు. మనిషి ముఖంలోంచి చెట్లు, గుడ్లు, ఎముకలు పుట్టుకొచ్చాయి. స్తారోవీస్కీ తన పోస్టర్ల మీద తేదీని 300 ఏళ్లు వెనక్కి వేసేవాడు. 1966 నుంచి వార్సాలో అంతర్జాతీయ పోస్టర్ల ద్వైవార్షిక ప్రదర్శన నడిచేంతగా ఆ కళకు గౌరవం దక్కింది. రాజకీయాల మీద నిఘా గట్టిగా ఉన్న దేశంలో పోస్టరు గోడ మీద మాత్రం పొడుపును విప్పకుండా వదిలేసే వెసులుబాటు దొరకడం ఆలోచించవలసిన సంగతి. ఆ స్వేచ్ఛకు ఆర్థిక కారణం ఉందని మరచిపోయి, మన సినిమా పోస్టర్లలో హీరో ముఖం తప్ప ఏమీ ఉండదని డిజైనర్లను నిందించడం అన్యాయం. మన గోడ మీది పోస్టరు మొదటి రోజే హాలు నింపాలి.

దీనికి తిరగబడిన రూపం బ్రిటన్‌లో సిగరెట్ ప్రకటనల్లో కనిపించింది. 1970లలో అక్కడి నియమావళి బిగుసుకుని, సిగరెట్టును ఆరోగ్యంతోగాని, మగతనంతోగాని, సంఘంలో విజయంతోగాని ముడిపెట్టకూడదని కట్టడి చేసింది. చెప్పదగిన మాట ఒక్కటీ మిగలలేదు. అప్పుడు బెన్సన్ అండ్ హెడ్జెస్ సంస్థ 1977 ప్రాంతంలో మాటలే లేని ప్రకటనలు మొదలుపెట్టింది: ఎలుక కన్నం ఎదుట బంగారు రంగు పెట్టె, పక్షి పంజరంలో బంగారు రంగు పెట్టె. 1980లలో సిల్క్ కట్ అనే మరో సిగరెట్టు తన పేరునే పొడుపుగా మార్చి, ఊదారంగు పట్టుగుడ్డ మీద ఒక కోతను మాత్రమే చూపింది. సిల్క్ అంటే పట్టు, కట్ అంటే కోత. ఆ చిత్రాలు అందమైనవేనని నేను ఒప్పుకుంటాను, చాలాకాలం వాటిని మెచ్చుకున్నాను కూడా. కానీ వాటిని తేరిపార చూస్తే, బొమ్మ అంతటిలో సూటిగా అర్థమయ్యే వాక్యం కింద చిన్నగా ఉన్న ఆరోగ్య హెచ్చరిక ఒక్కటే. చూసేవాడు పొడుపు విప్పే సరదాలో పడి, ఆ ఒక్క వాక్యాన్ని దాటిపోతాడు. 2003లో బ్రిటన్ ఈ హోర్డింగులను నిషేధించింది. అదే ఏడాది మన దేశంలోనూ పొగాకు ప్రకటనలను నిషేధించే చట్టం వచ్చింది. ఇప్పుడు మన సిగరెట్ పెట్టె మీద 85 శాతం జాగా బొమ్మతో కూడిన హెచ్చరికదే. దానిలో ఏ పొడుపూ లేదు, ఉండకూడదు కూడా.

మన టీవీ ప్రకటనల దగ్గరికి వస్తే ఇంకో గందరగోళం ఎదురవుతుంది. ఫెవికాల్ డబ్బాలో గింజలు తిన్న కోడి పెట్టిన గుడ్డు ఎంత కొట్టినా పగలదు. హ్యాపీడెంట్ చూయింగ్ గమ్ నమిలిన మనుషులు రాజభవనంలో దీపాలకు బదులు వేలాడుతూ పళ్లతో వెలుగునిస్తారు. రెండూ ఎన్నిసార్లు చూసినా తనివి తీరనివే, అయినా మొదటిది అధివాస్తవికత కాదు, మన అలంకారశాస్త్రం ఏనాడో పేరుపెట్టిన అతిశయోక్తి. జిగురు గట్టిది అనే ఒక గుణాన్ని పట్టుకుని, అదే దిశలో చివరిదాకా లాగితే పగలని గుడ్డు వస్తుంది. ఎటు పోతున్నామో మనకు ముందే తెలుసు. హ్యాపీడెంట్ కూడా తెల్లటి పళ్లు అనే గుణంతోనే మొదలైనా, మనుషులు షాండ్లియర్లుగా, వీధి దీపాలుగా మారి నిలబడిన ఆ లోకానికి సొంత నియమాలు, సొంత విషాదం కూడా ఏర్పడతాయి. ప్రకటన ముగిశాక ఉత్పత్తి పేరుతో పాటు ఆ మనుషులు కూడా మనతో ఉండిపోతారు. ఆ మిగులు ఉన్నచోటనే అధివాస్తవికత మొదలవుతుందని నా అంచనా.

వ్యాపారికి ఆ మిగులుతోనే భయం. వరుసలో ఒకటి మిగతావాటికి భిన్నంగా ఉంటే అదే ఎక్కువగా గుర్తుంటుందని జర్మన్ మనస్తత్వవేత్త హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లోనే చూపించింది. వింత బొమ్మకు డబ్బు పెట్టడానికి శాస్త్రీయమైన ఆధారం అదే. అయితే బొమ్మ గుర్తుండి, ఎవరి ప్రకటనో మరచిపోవడం కూడా తరచుగా జరుగుతుంది. ఈ వృత్తిలో దాన్ని వాంపైర్ ఎఫెక్ట్ అంటారు, అంటే బొమ్మ పిశాచంలా సరుకు రక్తం పీల్చేస్తుందని అర్థం. మన పట్టణాల్లో ఇంకో సమస్య తోడైంది. ఎనామెల్ పెయింటుతో గోడ మీద రాసే ఆర్టిస్టుకు ఒక ఏనుగును కప్పులో కూర్చోబెట్టడానికి రెండు రోజులు పట్టేది గనుక, ఏనుగు ఎందుకు అని ఆయనా, డబ్బిచ్చేవాడూ ఆలోచించేవారు. ఫ్లెక్సీ వచ్చాక అది గంట పని అయింది, కృత్రిమ మేధ వచ్చాక నిమిషం పని అయింది. వీధి అంతా ఏనుగులే అయినప్పుడు భిన్నంగా కనిపించేది తెల్ల గోడ మీద నల్ల అక్షరాలతో రాసిన "ఇచ్చట గొడుగులు బాగుచేయబడును" అనే బోర్డు.

ఇంతకన్నా బరువైన ప్రశ్న ఒకటి ఉంది. బొమ్మ నోరు మెదపకుండా అబద్ధం చెప్పగలదు. కొన్నేళ్ల కిందట శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వెళ్తూ ఒక నీటి శుద్ధి యంత్రం ప్రకటన చూశాను. మూత్రపిండం ఆకారంలో ఉన్న గాజు కూజా, దాని నిండా తేటనీరు, కొబ్బరాకుల నీడ. మాటలు ఏమీ లేవు. కళగా చూస్తే అది మాన్ రే పోస్టరుకు దీటైన పొదుపు. కానీ ఆ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో తెలిసినవాళ్లకు, దాని మూలకారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదని తెలిసినవాళ్లకు, ఆ కూజా ఒక హామీలా కనిపిస్తుంది. ఈ యంత్రం కొంటే ఆ జబ్బు రాదు అన్న వాక్యం రాసి ఉంటే ఎవరైనా నిలదీయవచ్చు. బొమ్మను ఎలా నిలదీయాలి? ఆ రోజు నాకు కలిగిన కోపం ఇంకా తగ్గలేదు. 1985లో ఏర్పడిన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి, నవ్వించడానికో కన్ను ఆకట్టుకోవడానికో చేసిన స్పష్టమైన అతిశయోక్తిని అనుమతిస్తూనే, అది అక్షరాలా నిజమని జనం నమ్మే ప్రమాదం ఉండకూడదని షరతు పెట్టింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనను నిర్వచిస్తూ, సూటిగా చెప్పినదాన్నే గాక స్ఫురింపజేసినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. రోగాలు మాన్పుతామని చెప్పే ప్రకటనల మీద 1954 నుంచే వేరే చట్టం ఉంది. కాబట్టి "మేము ఏమీ అనలేదు, బొమ్మే కదా" అనే సమర్థన చట్టం ముందు నిలవదు.

స్థానిక బొమ్మలను వెతికే డిజైనర్లు తరచుగా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వైపు చూస్తారు. ఆకాశంలోకి లేచిన పొడవైన మాను కొసన కూర్చున్న పూజారి, ముందు తెల్ల ఏనుగు, పాలధార, అంజలి రథం, బెస్తవారి వల. బయటి కంటికి ఇది కలలోంచి దిగివచ్చిన ఊరేగింపు. దాన్ని అధివాస్తవికమని పిలవడం పొరపాటని నేను గట్టిగా అనుకుంటాను. విజయదశమి తరువాతి మంగళవారం మూడు లాంతర్ల నుంచి కోట దాకా నిలబడే లక్షలమందికి అందులో పొడుపు ఏమీ లేదు. ప్రతి అంగానికీ అర్థం తెలుసు, అదంతా మొక్కు. ఆ తెల్ల ఏనుగును తీసుకెళ్లి సెల్‌ఫోన్ దుకాణం ఫ్లెక్సీ మీద పెడితే మిగిలేది వింత ఒక్కటే, అర్థం ఇంటిదగ్గరే ఉండిపోతుంది.

ఈ విజయనగరం, శ్రీకాకుళం వైపే ఎవరూ వాడుకోని ఒక పొడుపు ఉంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్న ఖద్దరు నూలు తీసేవారు కొండపత్తిని ఏకి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు. ఆ దవడకున్న సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేసి, పత్తిలోని చెత్తను తీసేసి పోగులను ఒక తీరుగా చేస్తాయి. నీటిలో ఈదే చేప, కొండ మీద పండే పత్తి, ఆడవాళ్ల చేతుల్లో రాట్నం: లోత్రెయామోఁ కుట్టుమిషనుకూ గొడుగుకూ ఇంత దూరం లేదు, పైగా ఇక్కడ కలయిక అనుకోకుండా జరిగినది కాదు. ఒక ఫ్లెక్సీ దుకాణంలో డిజైన్ చేసే కుర్రవాడికి ఈ సంగతి చెప్పినప్పుడు అతను మొదట నమ్మలేదు. తరువాత కంప్యూటర్ తెరను తెల్లగా తుడిచేసి, నడిమధ్యన నోరు తెరిచిన చేపను, ఆ పళ్ల సందుల్లోంచి పొగమంచులా సాగుతున్న పత్తిని, అది పల్చబడి పల్చబడి కింద ఒక తెల్ల పంచె అంచుగా మారడాన్ని గీశాడు. కింద ఏం రాయాలని అడిగాడు. పొందూరు అని ఊరి పేరు రాయమన్నాను. అతను ఆ మూడు అక్షరాలు రాసి, చేప మూతి కాస్త పెద్దదైందంటూ దాన్ని మళ్లీ చెరిపి గీయడం మొదలుపెట్టాడు.